చూశానన్న మాట

పోయిన వానాకాలం మా భోజనాల బల్ల మీద కంచాలకన్నా ల్యాప్‌టాపే ఎక్కువగా ఉండేది. మా వారు హరిబాబు గారు పశువుల డాక్టరు. గేదె కడుపులో దూడ తల ఎటుందో చేత్తో చూసి చెప్పగలరు గాని, మీటింగుకి ఎవరెవరు వచ్చారో తెర మీద వెతుక్కోలేరు. అంచేత లింకు తెరవడం, వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వడం, ఎవరింట్లోనైనా కుక్క మొరుగుతుంటే మైకు ఆపడం నా పని అయింది.

శ్రావణమాసంలో ఒక పొద్దున గోంగూర ఒలుస్తూ ఆ పనే చేస్తున్నాను. తెర మూలన చిన్న పెట్టెలో ఒక పేరు వచ్చింది. డాక్టర్ నాగేశ్వరప్రసాద్. పక్కన అడ్మిట్ అన్న నీలం బటన్.

నాగేశ్వరప్రసాద్ గారు మాఘమాసంలో పోయారు. నరసాపురంలో దహనానికి వెళ్ళివచ్చిన మా వారు తడిబట్టలతో గుమ్మం బయట నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు. అది నాకింకా కళ్ళ ముందే ఉంది.

"ఏవండీ, పెద్దాయన పేరు వచ్చింది," అన్నాను.

"ఎక్కడికి?"

"బయట ఉన్నారు. రానివ్వమంటారా అని అడుగుతోంది."

ఆయన కళ్ళజోడు పైకెత్తి తెర దగ్గరికి వంగారు. "వాళ్ళింట్లో ఎవరో నొక్కుంటారు."

"తీసెయ్యనా?"

"పెద్దాయన్ని బయట నిలబెడతామా ఏంటి? రానీ."

రానిచ్చాను. మిగతావాళ్ళ పెట్టెల మధ్య ఒక నల్లటి పెట్టె వచ్చి కూర్చుంది. మొహం లేదు, నలుపు మీద తెల్లటి అక్షరాల్లో పేరొక్కటే.

మండలి సంగతి చెప్పాలి. పూర్తి పేరు గోదావరి పశు ప్రసూతి నిపుణుల మండలి. పశువైద్యం చదివిన ప్రతివాళ్ళూ కష్టమైన ఈత, అదే కాన్పు, తీయలేరు. ఎవరు తీయగలరో కాగితం మీద పరీక్ష పెడితే తెలిసేది కాదు. అందుకని నాగేశ్వరప్రసాద్ గారు ఒక పద్ధతి పెట్టారు. నిపుణ పట్టా కావాలనుకున్న డాక్టరు, అడ్డం తిరిగిన కేసు ఒకటి సభ్యుల కళ్ళ ముందు తీయాలి. తీశాక ఆయన వరసగా పేర్లు పిలిచేవారు. పిలిచినప్పుడు సభ్యులు అనవలసింది ఒకటే మాట, 'చూశాను.' బాగుందనకూడదు, ఒప్పుకుంటున్నాననకూడదు. "బాగుందో లేదో గేదె చెబుతుందయ్యా. చూడి పశువు దగ్గర మన పని చూడటమే," అని నవ్వేవారు. పిలిచేవాళ్ళు కాక పన్నెండుమంది ఆ మాట అంటేనే పట్టా. ఒక ఈతల కాలంలో మూడుసార్లు పిలిచినా ఆ పన్నెండుమంది కూడకపోతే మండలి మూసెయ్యాలి. అదీ ఆయన పెట్టిన నియమమే.

మొదట్లో కబురందగానే అందరూ మోటారుసైకిళ్ళ మీద పశువుల పాకల దగ్గరికి పోయేవారు. మా వారు బురద ప్యాంటుతో వచ్చి, వాకిట్లో నూతి దగ్గరే స్నానం చేసి, ఆ రోజు కేసు గురించి నాకు పూసగుచ్చినట్టు చెప్పేవారు. కరోనా వచ్చాక ఇళ్ళల్లో కూర్చుని ఫోన్లలో చూడటం అలవాటైంది. తర్వాత్తర్వాత కూర్చోవడమే మిగిలింది.

పెద్దాయన పోయాక మా వారు ప్రెసిడెంటు అయ్యారు. ఎన్నికేమీ జరగలేదు. 'హరిబాబు గారే ఉండాలి' అని గ్రూపులో ఒకరు పెడితే మిగతావాళ్ళు బొటనవేళ్ళు పెట్టారు. మా వారికి మాత్రం అది ఆషామాషీ సంగతి కాదు. మండలి మొదటి పట్టా ఆయనదే. "నా చేతిలో పెట్టి పోయారు. నా చేతిలో పోకూడదు," అనేవారు.

ఆ ఏడాది పట్టాకి నిలబడ్డది ఒక్క పూజిత. మా నిడదవోలు చుట్టుపక్కల పల్లెల్లో స్కూటీ మీద తిరిగే డాక్టరు. పిట్టలా ఉంటుంది గాని దూడ కాలు పట్టుకుందంటే వదలదని మా వారే చెప్పారు. ఒక డెయిరీ వాళ్ళు కొత్తగా పెడుతున్న పశువుల ఆసుపత్రిలో ఈ పట్టా ఉన్నవాళ్ళకే ఉద్యోగమన్నారు. "ఈ సీజన్‌లో రాకపోతే ఇంకొకళ్ళని తీసుకుంటారండి," అని వచ్చినప్పుడల్లా నాతో అనేది.

ఆ పొద్దున ఆమె దూడని తీసింది. మా వారు పేర్లు పిలవడం మొదలుపెట్టారు. సభ్యుల జాబితాలో ఎప్పటి నుంచో మొదటి పేరు పెద్దాయనదే. అలవాటు కొద్దీ అదే పిలిచారు. "డాక్టర్ నాగేశ్వరప్రసాద్ గారూ."

పిలిచి ఆగిపోయారు. నల్లటి పెట్టె అంచు ఆకుపచ్చగా వెలిగింది. అక్కడి చప్పుడు వినపడుతోందని దాని అర్థం. పాత ఫ్యాను తిరుగుతున్న శబ్దం వచ్చింది. తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. ఆ టక్కు తప్ప ఇంకేమీ లేదు. మా వారు రెండో పేరు పిలిచారు.

పలికినవాళ్ళు ఎనిమిదిమందే. "ఇవాళ చాలలేదమ్మా," అన్నారు పూజితతో.

"పర్లేదండి, మళ్ళీ తీస్తాను. గేదెలకేం కొదవ?" అంది ఆమె మొహం మీద నెత్తురు మోచేత్తో తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఆయన గోంగూర ముట్టుకోలేదు.

*

ఆ వారంలోనే భీమవరం వెళ్ళాం, డాక్టర్ శివరామకృష్ణ గారిని కలవడానికి. ఆయన మండలిలో పాతకాపు. ఇప్పుడు రొయ్యల మేత కొట్టు నడుపుతున్నారు. బస్తాల వాసన మధ్య ఏసీ గది. గోడకి మేత కంపెనీల క్యాలెండర్లు, వాటి మధ్య బంగారురంగు ఫ్రేములో నిపుణ పట్టా.

"రండి రండి ప్రెసిడెంటు గారు. మేడమ్ గారిని కూడా తెచ్చారంటే సీరియస్ మ్యాటరే."

"మొన్న కేసుకి పలకలేదేంటండి?" అన్నారు మా వారు.

"వచ్చాను కదా సార్. మేడమే లోపలికి రానిచ్చారు, అడగండి."

"రానిచ్చానండి," అన్నాను. "పేరు పిలిస్తే మీరు పలకలేదు."

"చెరువు గట్టు మీదున్నాను మేడమ్. ఏరియేటర్ల మోతలో ఏం వినపడుతుంది?"

"వినపడకపోతే పోనీండి. గేదె కనపడిందా?"

ఆయన పెద్దగా నవ్వారు. "సార్, మీరు పేపరు దిద్దించాల్సింది మేడమ్ గారి చేత. చూడండి, అబద్ధం ఎందుకు, గేదె దగ్గర భుజం దాకా చెయ్యి పెట్టి, తన్నులు తిని, చివరికి ఫీజు మాటెత్తకుండా రైతు 'ఉంటానండి' అంటాడు. రొయ్యకి చెయ్యి పెట్టక్కర్లేదు, అది తన్నదు. మా అబ్బాయి అడిగాడు, నువ్వు అసలు ఏం డాక్టరువి నాన్నా అని. అదిగో అది చూపించాను," అని గోడ మీది ఫ్రేము చూపించారు. "కొట్టుకొచ్చిన రైతులు కూడా అది చూస్తారండి. దాన్ని చూశాకే నా మాట వింటారు."

మా వారు ఆ ఫ్రేము వైపు కాసేపు చూశారు. "మూడుసార్లు చాలకపోతే మండలి మూసెయ్యాలి. మీకు తెలుసు కదా."

"అదేదో పెద్దాయన చాదస్తం కాదూ?"

"రాసి ఉందండి."

శివరామకృష్ణ గారి నవ్వు కొంచెం తగ్గింది. "మండలి పోతే మా పట్టాల సంగతేంటి సార్? చెల్లవా?"

"మండలి లేని పట్టా ఏం చెల్లుతుంది?"

ఆయన వెంటనే ఫోను తీసి నాలుగైదు నంబర్లకి మెసేజీలు పెట్టారు. "మీరు లింకు పెట్టండి సార్. నేను అందరినీ తెస్తాను. మనం ఉండగా పెద్దాయన పేరు పోనిస్తామా?"

కారులో మా వారు తేలికపడ్డట్టు కనిపించారు. దారంతా మండలి గురించి చెబుతూనే ఉన్నారు. ఆ గదిలో పూజిత పేరు ఒక్కసారి కూడా రాలేదని నాకు తాడేపల్లిగూడెం దాటాక తట్టింది. నేనూ ఎత్తలేదు.

వినాయకచవితి వెళ్ళాక పూజిత ఇంకో కేసు తీస్తే రెండోసారి పిలిచారు. సభ్యులు నిజంగానే వచ్చారు. నేను ఒక్కొక్కరినీ లోపలికి రానిస్తుంటే ఆయన వేలుతో లెక్కపెట్టుకున్నారు. పదకొండుమంది. పన్నెండో పెట్టె నల్లటిది. పేరు పిలిస్తే మళ్ళీ అదే ఫ్యాను, అదే టక్కు. ఈసారి ఆ టక్కు వెనక ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు నాకు వినిపించింది. ఆయన వేలు ఆ పెట్టె మీద ఆగింది. తర్వాత తీసేసి, "ఒకరు తక్కువయ్యారమ్మా," అన్నారు.

పూజిత కాల్ కట్ చేసింది.

"ఒక్కరి కోసమా సార్?" అన్నారు శివరామకృష్ణ గారు.

సాయంత్రం టీ తాగుతూ మా వారు, "ఆయన వచ్చినట్టే కదా," అన్నారు.

"ఎవరండీ?"

కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

*

మూడో కేసు దసరా వెళ్ళాక వచ్చింది. కాలవ దాటితే త్రిమూర్తులు గారి పాక. మా ఇంటి నుంచి స్కూటరు మీద పావుగంట. మధ్యాహ్నం గాలీ వానా కలిసి కొడుతున్నాయి. మా వారు గ్రూపులో మెసేజి పెట్టి బల్ల దగ్గర కూర్చున్నారు. నేను టీ పెట్టి పక్కన కూర్చున్నాను.

గేదె గర్భసంచి మెలికపడింది. మెలికపడితే దూడ బయటికి రాదు. గేదెని పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క వేసి, దాని మీద బరువైన మనిషిని నిలబెట్టి, గేదెని నెమ్మదిగా దొర్లించాలి. మెలిక విడిందో లేదో లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి. తేడా వస్తే తల్లీ దూడా రెండూ పోతాయి.

త్రిమూర్తులు గారి భార్య వెంకటదుర్గ ఫోను పట్టుకుంది. "ఇలా పట్టుకోనాండి? కనపడతందాండి?" అని అడుగుతూనే ఉంది.

"కనపడుతోందమ్మా. కొంచెం కిందికి," అన్నారు మా వారు.

వచ్చినవాళ్ళు మళ్ళీ పదకొండుమంది. నల్లటి పెట్టె కూడా వచ్చింది. పేర్ల వరసలో ఈసారి పెద్దాయనని చివరికి మార్చుకున్నారని కాగితం మీద చూశాను. ఎందుకని అడగలేదు.

పూజిత బురదలో పక్కకి పడుకుంది. చెయ్యి భుజం దాకా లోపల ఉంది. చెంప గేదె తుంటికి ఆనించి కళ్ళు మూసుకుంది, వేళ్ళతో వెతుకుతూ. అక్కడ బొమ్మ ఆగిపోయింది.

మొదట ఆమె కదలకుండా ఉందనుకున్నాను. తర్వాత చూరు నుంచి పడబోతున్న నీటిచుక్క గాల్లోనే ఉండటం చూశాను. మాట కూడా పోయింది. మా వారు తెర వైపు వంగి అలాగే ఉన్నారు. ఎవరి పెట్టెలోనో ఐసు బండి హారను మోగింది. ఇంకెవరి పెట్టెలోనో టీవీ వస్తోంది. కళ్ళు మూసుకున్న ఆ అమ్మాయి మొహాన్నే నేను చూస్తూ ఉన్నాను. చచ్చిపోయిన మనిషి ఫోటోలా అనిపించి చూపు తిప్పుకున్నాను. బల్ల మీద టీలు మీగడ కట్టాయి.

ఒక్కసారిగా వాన చప్పుడు తిరిగొచ్చింది. తెర మీద దూడ. వెంకటదుర్గ గోనెపట్టాతో దాన్ని తుడుస్తోంది. "పడ్డ పుట్టిందండి, ఆడదూడ," అంటోంది. పూజిత స్తంభానికి ఆనుకుని కూలబడి ఉంది. చెయ్యి భుజం దాకా ఎర్రగా, వణుకుతూ.

మా వారు ఊపిరి వదిలారు. పేర్లు పిలిచారు.

"శివరామకృష్ణ గారూ."

"చూశాను సార్. ఫస్ట్‌క్లాస్."

ఒకరి తర్వాత ఒకరు. చూశాను. చూశాను సార్. చూశానండి. ఒకాయన రెండుసార్లు అన్నారు, మొదటిది మ్యూట్‌లో ఉండిపోయిందేమోనని. పదకొండుమందీ అన్నారు. ప్రతి మాటకీ మా వారి పెన్ను టిక్కు పెడుతూ పోయింది.

చివరి పేరు దగ్గర ఆయన గొంతు తగ్గింది. "డాక్టర్ నాగేశ్వరప్రసాద్ గారూ."

అంచు ఆకుపచ్చగా వెలిగింది. ఫ్యాను. ఆయన కొంచెంసేపు ఆగి, పెన్ను దించారు. పలకకపోవడమే పలకడంగా రాసుకోబోతున్నారని నాకు అర్థమైంది.

"చూడలేదండి," అంది ఒక ఆడగొంతు.

పెన్ను ఆగింది.

"బొమ్మ ఆగిపోయింది కదండీ. అమ్మాయి కళ్ళు మూసుకున్న దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి దూడే ఉంది. మధ్యలో ఏం జరిగిందో నేను చూడలేదండి."

మా వారు తెర వైపే చూస్తూ పెదాలు కదపకుండా, "మ్యూట్ చెయ్యి," అన్నారు.

నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన నా వైపు తిరిగారు. కోపంగా చూస్తారనుకున్నాను. కోపం లేదు. ఆ రోజు గుమ్మం బయట తడిబట్టలతో నిలబడ్డప్పటి మొహం అది.

"ఎవరండీ ఆవిడ?" అన్నారు శివరామకృష్ణ గారు.

"పెద్దాయన గారి భార్య," అన్నారు మా వారు గొంతు గుర్తుపట్టి.

"ఆవిడని ఎలా లెక్కపెడతాం సార్?"

"లెక్కపెట్టకపోతే పదకొండు," అన్నారు మా వారు. తర్వాత మామూలు గొంతుతో, "శివరామకృష్ణ గారూ, మెలిక విడిపోవడం మీకు కనపడిందా?"

"అంటే... ఇక్కడ నెట్టు కొంచెం..."

"కనపడిందా అండి?"

ఆ పెట్టె తెర మీంచి మాయమైంది. ఇంకొకటి మాయమైంది. ఆయన వరసగా ప్రతి పేరూ మళ్ళీ పిలిచారు, ఖాళీ అయిపోతున్న తెర మీద. చివరికి వాన, దూడ, స్తంభానికి ఆనుకున్న పూజిత, నల్లటి పెట్టె మిగిలాయి.

"అంటే నాది లేనట్టేనాండి?" అంది పూజిత.

*

మర్నాడు పొద్దున్నే వచ్చింది. రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"దూడని నేను తీశానా లేదా అండి?"

"తీశావమ్మా," అన్నారు మా వారు.

"తల్లి బతికిందా లేదా?"

"బతికింది."

"మీకు కనపడకపోతే నాదా తప్పు?" నా వైపు తిరిగింది. "కాలవ అవతలే కదండీ. ఆ వెంకటదుర్గ గారికి ఫోను పట్టుకోవడం రాదు, చేతులు వణుకుతున్నాయి. లోపల చెయ్యి పెట్టి నేను ఒకటే అనుకున్నాను. హరిబాబు గారు ఈపాటికి బయల్దేరే ఉంటారు, పక్కన ఒక్క మనిషి ఉంటే చాలు అని. మీరు కూడా రాలేదు కదండీ."

మా వారు తువ్వాలు తీసి ఆమెకి ఇచ్చారు. ఆమె దాన్ని కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ డెయిరీ వాళ్ళు ఆ నెలలోనే ఇంకొకరిని తీసుకున్నారు.

ఆ సాయంత్రం మా వారు గ్రూపుకి మెసేజి రాశారు. మండలి నియమం ప్రకారం మూడుసార్లూ సభ్యులు చాలనందువల్ల, మూడోసారి తానే లేని సభ్యుణ్ణి లెక్కలో వేసుకోబోయినందువల్ల, మండలి ఇంతటితో మూసివేయబడుతోందని. 'మూసివేయబడుతోంది' తీసేసి 'మూసేస్తున్నాను' అని పెట్టమన్నాను. మార్చారు.

పంపిన కాసేపటికి బొటనవేళ్ళు రావడం మొదలైంది. తర్వాత నమస్కారాలు. ఒకాయన పువ్వులగుత్తి పెట్టారు. పాలకొల్లు నుంచి ఒకాయన 'కంగ్రాట్స్ సార్' అన్నారు. మా వారు ఫోను బోర్లించి పెట్టి, చాలాకాలం తర్వాత నూతి దగ్గరికి వెళ్ళి చల్లనీళ్ళతో స్నానం చేశారు.

*

నరసాపురం వెళ్ళింది అట్లతద్దె ముందు. నాగేశ్వరప్రసాద్ గారిది వర్తకుల కుటుంబం. కింద తమ్ముడి కిరాణా కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటే బెల్లం వాసన, ఇంగువ వాసన. ఆయన భార్య కన్యక గారు మేడ వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. మమ్మల్ని చూసి కొక్కెం దారపుండలో గుచ్చి లేచారు.

"నా వల్ల మీ పని చెడిపోయిందా బాబూ?"

"లేదండి. చెడిపోయింది మీకు కనపడింది, అంతే," అన్నారు మా వారు.

కాఫీలిచ్చి ఆవిడే మొదలుపెట్టారు. "బతికున్నప్పుడు ఒక్క మీటింగు చూడలేదమ్మా నేను. ఆయన తలుపేసుకునేవారు. పోయాక ఆయన ఫోను తెరిస్తే మీ మెసేజీలు వరసగా వచ్చి పడ్డాయి. కేసు వచ్చింది రండి, కేసు వచ్చింది రండి అని. పోయిన మనిషిని అలా పిలుస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నొక్కాను. మీరు లోపలికి రానిచ్చారు. హరిబాబు గారు పేరు పిలిచారు. ఇంట్లో ఆ పేరు పిలిచేవాళ్ళెవరమ్మా ఇప్పుడు? కొట్లో వాళ్ళు కూడా 'ఆ డాక్టరు గారు' అంటారు."

"మరి పలకలేదేంటండి ఎప్పుడూ?"

"నన్నా పిలిచింది?" దారపుండ ఒళ్ళోకి తీసుకున్నారు. "మొన్న మాత్రం ఉండబట్టలేదు. ఆసుపత్రిలో ఆయన్ని గాజు తలుపు వెనక పెట్టారు. ఎప్పుడడిగినా, చూస్తున్నామమ్మా, చూస్తూనే ఉన్నాం అనేవాళ్ళు. ఆఖరికి నేను తలుపు తోసుకుని వెళితే ఒళ్ళు చల్లగా ఉంది. ఎప్పుడు పోయారో అక్కడ ఒక్కళ్ళూ చెప్పలేకపోయారు. అందరూ చూస్తూనే ఉన్నారు."

కాఫీ గ్లాసు మా వారి చేతిలో అలాగే ఉంది.

ఆవిడ మమ్మల్ని ఆయన గదికి తీసుకెళ్ళారు. తాళం తీసి స్విచ్చి వేశారు. ఫ్యాను తిరిగింది. టక్కు. టక్కు. ల్యాప్‌టాప్‌లో విన్న శబ్దమే అది.

"ఈ గదిలో కూర్చునే వినేదాన్ని. ఆయన పోయాక దీనికి తాళమే. చవితికి దులపాలని తెరిచాను. ఫోను కూడా అప్పుడే ఛార్జింగు పెట్టాను."

"చవితికా?" అన్నాను. "మీరు శ్రావణంలో కూడా వచ్చారు కదండీ."

"లేదమ్మా. నేను వచ్చింది రెండుసార్లే. చవితి తర్వాత ఒకటి, మొన్న ఒకటి."

మా వారు అలమరలో పుస్తకాల వీపుల మీది పేర్లు చదువుతున్నారు. విన్నారో లేదో నాకు తెలీదు. నేను పైకి చూశాను. ఫ్యాను రెక్క ఒకటి కొంచెం వంగి ఉంది.

వచ్చేముందు ఆవిడ ఆ ఫోను ఆపేసి మా వారి చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గరుండనీ బాబూ. నాకు చూడాలని ఉంటే నా పేరు మీదే వస్తాను." తన ఫోనులో ఎలా రావాలో నేను చూపించాను. పేరు రాసే చోట ఆవిడే ఒక్కొక్క అక్షరం వెతికి 'కన్యక' అని రాసుకున్నారు.

ఇంటికి రాగానే మా వారు పెద్దాయన ఫోనుని బీరువాలో తన పట్టా పక్కన పెట్టి తాళం వేశారు.

*

కార్తీకంలో ఒక పొద్దున, మూగబోయిన గ్రూపులో పూజిత మెసేజి పెట్టింది. 'మళ్ళీ త్రిమూర్తులు గారి పాక. రెండో గేదె, మెలికే. పట్టా అక్కర్లేదు. చూసేవాళ్ళు చూడండి.'

మా వారు చదివి అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. "చెక్క మీద నిలబడటానికి బరువైన మనిషి కావాలి కదోయ్," అన్నారు, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని. స్కూటరు చప్పుడు కాలవ వైపు వెళ్ళింది.

నేను బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి పాత లింకే తెరిచాను. మొదట 'కన్యక' అని వచ్చింది. రానిచ్చాను. కెమెరా పెట్టుకున్నారు. వాకిట్లో ముక్కాలిపీట, ఎండ, ఒళ్ళో తెల్లటి లేసు.

"ఇంకెవరైనా వచ్చారామ్మా?"

"లేదండి. మనిద్దరమే."

వానల్లేక సిగ్నలు బాగుంది. మా వారు చెక్క మీద నిలబడి రెండు చేతులూ చాచి తూలుతుంటే వెంకటదుర్గ నవ్వు వినపడింది. గేదె నెమ్మదిగా దొర్లింది. పూజిత కళ్ళు మూసుకుంది. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. ఆమె భుజం కదలడం, ఆగడం, లోపలెక్కడో ఏదో దారి ఇచ్చినట్టు మొహం విప్పారడం, అన్నీ. ముందు రెండు గిట్టలు వచ్చాయి. ఆ వెనక నల్లటి ముక్కు.

అప్పుడే తెర మూలన చిన్న పెట్టె వచ్చింది. పక్కన నీలం బటన్.

డాక్టర్ నాగేశ్వరప్రసాద్.

బీరువా నా ఎదురుగానే ఉంది. తాళంచెవి నా కొంగునే ఉంది. లేచి చూడొచ్చు. లేవలేదు. లేస్తే దూడ రావడం చూడలేను.

రానిచ్చాను.

దూడ గడ్డి మీద పడి తుమ్మింది. పూజిత చేతులు కడుక్కుని ఫోను దగ్గరికి వచ్చింది. వెనకే మా వారు, మోకాళ్ళ దాకా బురదతో.

"ఎవరైనా ఉన్నారాండి?" అంది పూజిత.

"చూశానమ్మా," అన్నారు కన్యక గారు.

"చూశాను," అన్నాను.

మూడో పెట్టె అంచు ఆకుపచ్చగా వెలిగింది. ఫ్యాను తిరుగుతోంది. కన్యక గారి చేతిలో కొక్కెం ఆగిపోయింది.

"గది తాళం వేసే ఉందమ్మా," అన్నారు మెల్లగా.

మా వారు ఫోనుని దగ్గరికి తీసుకున్నారు. ఆ పేరు చదువుతున్నట్టు ఆయన కళ్ళు కదిలాయి. చేతిలో కాగితం లేదు, పెన్ను లేదు.

"డాక్టర్ నాగేశ్వరప్రసాద్ గారూ," అని పిలిచి, బురదలో అలాగే నిలబడి ఆగారు. ఈసారి లెక్కకోసం కాదు.